బోటును వెంటేసుకుని అయిదు రోజులు: మిన్నెసోటా ర్యాంపుల మీదుగా

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో ఈ యాత్ర 2019 జూలైలో చేశాం. అప్పట్నించీ కొత్తగా బోటు కొనుక్కున్న మనవాళ్లెవరు కలిసినా "ఎక్కడ దించాలి, ఎలా దించాలి" అనే అడుగుతున్నారు, నేనూ ఫోన్లో ముక్కలు ముక్కలుగా చెబుతూనే ఉన్నా. ఈసారి మొదట్నించీ వరసగా రాసేస్తున్నా.

వెళ్లింది ముగ్గురం. నేను, బావ (మా అక్క వాళ్లాయన), ఎనిమిదేళ్ల మేనకోడలు. అక్కకి డ్యూటీ ఉండి రాలేకపోయింది. బోటు పదహారడుగుల అల్యూమినియంది, 40 హార్స్‌పవర్ అవుట్‌బోర్డ్ మోటారు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. బోటు కొంటే సరస్సు మనదైపోయినట్టే అనుకుంటాం గానీ ఒడ్డున ఇల్లు లేనివాళ్లకి నీళ్లలోకి దారి ఒక్కటే, పబ్లిక్ బోట్ ర్యాంప్. మన రేవు లాంటిదే. కాకపోతే మెట్లుండవు, నీళ్లలోకి వాలుగా దిగిపోయే కాంక్రీటు బాట ఉంటుంది. కారుని వెనక్కి నడిపి, దానికి తగిలించిన ట్రెయిలర్‌ని (బోటుని మోసే చక్రాల బండి) నీళ్లలో ముంచితే బోటు తేలుతుంది. వినడానికి ఇంతే.

బయల్దేరే ముందు రాత్రి

నేను గీసిన రూటు చూసి బావకి నచ్చలేదు. మేముండేది మినియాపొలిస్ దగ్గర. ముందు పైకి, ఎక్కడో ఉత్తరాన ఉన్న వర్మిలియన్ సరస్సుకి పోవాలి, అక్కణ్నించి మళ్లీ కిందకి మిలాక్స్ సరస్సుకి దిగాలి, ఆ తర్వాత తూర్పుకి తిరిగి డులూత్ ఊరి దగ్గర సుపీరియర్ సరస్సు చూసుకుని ఇంటికి. (స్పెల్లింగ్ చూసి అందరం మిల్లే లాక్స్ అని చదువుతాం, ఇక్కడివాళ్లు మిలాక్స్ అనే అంటారు.) "మిలాక్స్ దారిలోనే ఉందిగా, ముందు అది చూసుకుని పైకి పోదాం, ఎందుకురా ఈ అడ్డదిడ్డం తిరుగుడు" అన్నాడు.

నేను దూరం చూసి గీసిన రూటు కాదది, ఆల్చిప్పల్ని చూసి గీసింది. జీబ్రా మస్సెల్ అని గోరంత ఆల్చిప్ప, చారలు చారలుగా ఉంటుంది. నల్ల సముద్రం, కాస్పియన్ సముద్రం వైపుది. ఓడల అడుగున నింపుకునే నీళ్లలో దాక్కుని ఈ దేశం వచ్చింది, 1988లో లేక్ సెయింట్ క్లెయిర్‌లో బయటపడింది, 1989కల్లా డులూత్ ఓడరేవు చేరింది. 2005లో మిలాక్స్‌లో దొరికింది. పిల్లలుగా ఉన్నప్పుడు కంటికి కనపడవు. బోటు అడుగున నిలిచిపోయిన చెంబెడు నీళ్లు చాలు, ఒక సరస్సు నుంచి ఇంకో సరస్సుకి పోవడానికి. ఒకసారి వచ్చాయంటే ఇక ఆ సరస్సుని వదలవు. మేం వెళ్లేనాటికి వర్మిలియన్‌లో అవి లేవు. అందుకని లేని సరస్సు ముందు, ఉన్న సరస్సులు తర్వాత. ఇది విన్నాక బావ ఇంకేం మాట్లాడలేదు, మ్యాప్ మడతపెట్టి కారులో పెట్టాడు.

ఇక్కడి సహజ వనరుల శాఖని అందరూ డీఎన్‌ఆర్ అంటారు. వాళ్ల వెబ్‌సైట్‌లో లేక్‌ఫైండర్ అని ఉంది. సరస్సు పేరు కొడితే లోతు మ్యాపు, అందులో ఏ పురుగూ పుట్రా చేరిందో, ర్యాంపులెక్కడున్నాయో అన్నీ చూపిస్తుంది. అన్నీ చూసుకున్నా, ఒక్క ముక్క తప్ప. దాని ఫలితం మర్నాడే కనిపించింది.

మొదటి రోజు

ఐ-35 హైవే మీద క్లోకే ఊరి దాకా, అక్కణ్నించి 33, 53 నంబరు రోడ్లు, వర్జీనియా ఊరు దాటాక 169. ట్రెయిలర్ లేకపోతే నాలుగు గంటల దారి, మాకు ఇంకాస్త ఎక్కువే పట్టింది. గంటకోసారి ఆగి ట్రెయిలర్ చక్రాల మధ్య హబ్ మీద అరచెయ్యి పెట్టి చూశా. గోరువెచ్చగా ఉంటే పర్లేదు, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటే బేరింగుల్లో గ్రీజు అయిపోయినట్టు. ఇంకో సంగతి కూడా ఉంది. కాలిపోతున్న హబ్‌ని తీసుకెళ్లి చల్లటి నీళ్లలో ముంచితే లోపలి గాలి ఒక్కసారిగా ముడుచుకుని సీలు సందుల్లోంచి నీళ్లు లోపలికి లాక్కుంటుంది, తుప్పు అక్కడే మొదలవుతుంది. అందుకే ర్యాంపు దగ్గరికి చేరగానే దించకుండా ఓ పావుగంట ఆగడం మంచిది. ఆ పావుగంటలో చేసుకోవాల్సిన పనులు ఎలాగూ బోలెడు.

సాయంత్రం వర్మిలియన్ దగ్గరికి వచ్చాక ఫోన్ మ్యాపులో బోటు గుర్తున్న చుక్క ఒకటి దగ్గర్లోనే కనిపించింది. పోనిచ్చాం. తారు రోడ్డు పోయి కంకర రోడ్డు వచ్చింది, తర్వాత అదీ సన్నబడింది, రెండు పక్కలా పైన్ చెట్లు, చివరికి నాలుగు గుండ్రాళ్లు అడ్డంగా పెట్టి ఉన్నాయి, వాటి అవతల నీళ్లలోకి కాలిబాట. చేతుల్తో మోసుకెళ్లి పడవ దించుకునే చోటన్నమాట, కనూలకీ కయాక్‌లకీ. ట్రెయిలర్‌కి కాదు. డీఎన్‌ఆర్ జాబితాలో ఈ తేడా స్పష్టంగా రాసి ఉంటుంది, ట్రెయిలర్‌తో దించే చోటా, మోసుకెళ్లే చోటా అని. నేను చూసింది చుక్కనే గానీ ఆ ముక్క చదవలేదు.

తిప్పుకోవడానికి జాగా లేదు. రెండొందల గజాలు ట్రెయిలర్‌ని వెనక్కి నడుపుకుంటూ రావాలి, చీకటి పడుతోంది, పక్కన కందకం, నిజంగా టెన్షన్ పట్టుకుంది. బావ వెనక నడుస్తూ టార్చి కొడుతూ "నిదానంగా రా, తొందరేం లేదు" అంటూనే ఉన్నాడు. అక్కడే ఒకటి చెప్పాలి. వెనక్కి పోయేటప్పుడు స్టీరింగ్‌ని అడుగున, ఆరు అంకె ఉండే చోట ఒక చేత్తో పట్టుకోవాలి. ట్రెయిలర్ వెనక భాగం ఎటు పోవాలో చెయ్యి అటు జరపాలి, అంతే. పైన పట్టుకుని ఎడమా కుడా అని ఆలోచిస్తే బుర్ర గందరగోళమైపోతుంది. ట్రెయిలర్ ఎంత పొట్టిదైతే అంత చటుక్కున తిరిగిపోతుంది, మాదేమో పొట్టిది. కొంచెం అడ్డం తిరగ్గానే ముందుకు లాగి సరిచేసుకోవడం, మళ్లీ వెనక్కి. అరగంట పట్టింది.

అప్పట్నించీ చుక్కని ఒక్కదాన్నీ నమ్మను. ఉపగ్రహ చిత్రం తెరిచి దగ్గరగా చూస్తా. కారూ ట్రెయిలరూ కలిపి పట్టేంత పొడవాటి పార్కింగ్ గీతలు కనపడాలి, ర్యాంపు పక్కన డాక్ (బోటు కట్టేసుకునే వంతెన లాంటిది) ఉందా, తిరగడానికి చోటుందా చూడాలి. పొడవాటి గీతలు లేవంటే అది మనకి కాదు.

రెండో రోజు

పొద్దున్నే ఒడ్డునున్న స్టేట్ పార్కు ర్యాంపుకి వెళ్లాం. గోధుమరంగు బోర్డు, విశాలమైన పార్కింగ్, రెండు దారుల కాంక్రీటు, మధ్యలో డాక్.

ర్యాంపు మర్యాద గురించి నాకు చాలా పట్టింపు, ఎందుకంటే కొత్తలో దాన్ని తప్పింది నేనే. ర్యాంపు మీద కారు పెట్టుకుని అప్పుడు బ్యాగులు సర్దడం, అప్పుడు కట్లు విప్పడం, అప్పుడు పిల్లలకి లైఫ్ జాకెట్లు వెతకడం, వెనక మాత్రం అయిదు బోట్లు వరసలో నిలబడి ఉంటాయి. పనంతా పార్కింగ్‌లో, ర్యాంపుకి దూరంగా ఓ పక్కన చేసుకోవాలి. సామాను బోటులోకి ఎక్కించాలి, వెనక కట్టిన స్ట్రాపులు విప్పాలి, మోటారు పైకి ఎత్తి ఉంచాలి, ముక్కుకి పొడవాటి తాడు కట్టాలి, ట్రెయిలర్ లైట్ల ప్లగ్గు పీకాలి. ముందున్న వించ్ (చేత్తో తిప్పి బోటుని ట్రెయిలర్ మీదికి లాగేది) పట్టీ, చెయిన్ మాత్రం నీళ్లదాకా విప్పకూడదు. విప్పితే వాలు మీద బోటు జారి కాంక్రీటు మీదే పడుతుంది.

చివరగా డ్రెయిన్ ప్లగ్. బోటు వెనక అడుగున బొటనవేలంత రంధ్రం, దానికో రబ్బరు బిరడా. మిన్నెసోటాలో చట్టం ఏమిటంటే ర్యాంపు వదిలి రోడ్డెక్కే ముందు ఆ ప్లగ్ తీసి నీళ్లన్నీ వదిలేయాలి, దారంతా తీసే ఉంచాలి. కాబట్టి దించే ప్రతిసారీ గుర్తుపెట్టుకుని పెట్టాలి. అంతకుముందు ఏడాది నేను మర్చిపోయాను. డాక్ దగ్గర కట్టేసి కారు పార్క్ చేసి వచ్చేసరికి బోటు వెనక భాగం కిందికి దిగి ఉంది, లోపల చీలమండ లోతు నీళ్లు. మోటారు బరువు కూడా వెనకే కదా, ఇంకో పది నిమిషాలు ఆలస్యమైతే ఏమయ్యేదో. అందుకే ఈ యాత్రలో ఆ పని మేనకోడలికి అప్పగించాను. ప్లగ్ దాని జేబులో. "మావయ్యా, బిరడా పెట్టేశావా?" అని అది గట్టిగా అరిచి, వంగి కళ్లారా చూసి "ఓకే" అన్నాకే కారు కదిలేది. పదేళ్లలోపు పిల్లలు బోటు నడుస్తుండగా లైఫ్ జాకెట్ వేసుకునే ఉండాలన్నది కూడా ఇక్కడ చట్టమే. మా మేనకోడలు మాత్రం డాక్ మీదికి రాకముందే వేసుకుని తిరిగింది.

ట్రెయిలర్ చక్రాల పైదాకా నీళ్లొచ్చేసరికి బోటు వెనక తేలడం మొదలైంది. హ్యాండ్ బ్రేక్ వేసి, దిగి, వించ్ విప్పి తోశాను. బావ తాడు పట్టుకుని డాక్ చివరికి నడిపించుకుపోయాడు, గేదెని తోలుకెళ్లినట్టు నెమ్మదిగా. మొత్తం రెండు నిమిషాలు పట్టి ఉంటుంది.

వర్మిలియన్‌లో దీవులు మూడొందల అరవై అయిదు ఉన్నాయంటారు, రోజుకొకటి. మేం చూసింది ఓ డజను. నల్లటి రాయి, దాని మీదే పెరిగిన పైన్ చెట్లు, ఎక్కడా అల లేదు. మోటారు ఆపేసి రెండు గంటలు ఊరికే తేలుతూ కూర్చున్నాం. ఆ నీళ్ల గురించి రాయడం నాకు చేతకాదు, చూడాల్సిందే.

తిరిగొచ్చేటప్పుడు బావ అడిగాడు, ఇంత కాంక్రీటు, డాకు, పార్కింగు, దించినందుకు ఎవరూ ఏమీ అడగలేదేంటి, దీని ఖర్చు ఎవరిదని. మనదే. చేపల గేలాలు, రాడ్లు కొన్నప్పుడు వాటి ధరలోనే ఫెడరల్ ఎక్సైజ్ పన్ను ఉంటుంది. 1950లో డింగెల్-జాన్సన్ చట్టంతో మొదలైంది. 1984లో వాలప్-బ్రో సవరణతో దాన్ని విస్తరించి, మోటారు బోట్లు కాల్చే పెట్రోలు మీది పన్నుని కూడా అందులో కలిపారు. ఆ డబ్బు రాష్ట్రాలకి వస్తుంది, అందులో కొంత వాటా బోట్లు నీళ్లలోకి దిగే చోట్ల మీదే ఖర్చు పెట్టాలి. అంటే పది డాలర్ల గేలం కొన్న పిల్లాడికి కూడా ఈ ర్యాంపులో వాటా ఉంది. ఇది తెలిశాక ర్యాంపు మీద ఎవరైనా చెత్త పారేసి పోతే నాకు చూస్తూ ఊరుకోబుద్ధి కాదు.

మూడో రోజు

ప్రయాణమే ఎక్కువ. బయల్దేరే ముందు బోటు తుడిచి, ప్లగ్ తీసి, ట్రెయిలర్ ఇరుసుకి చుట్టుకున్న నాచు చేత్తో పీకేశాం. వర్మిలియన్‌లో స్పైనీ వాటర్‌ఫ్లీ అనే ఇంకో పీడ ఇప్పటికే ఉంది, కాబట్టి అక్కణ్నించి వచ్చేటప్పుడు కూడా నిర్లక్ష్యం పనికిరాదు. అదే 169 పట్టుకుని హిబ్బింగ్, గ్రాండ్ రాపిడ్స్, ఐట్కిన్ మీదుగా మిలాక్స్ చేరి, చుట్టూ తిరిగి ఆగ్నేయ మూలనున్న ఐల్ ఊర్లో దిగాం.

సాయంత్రం బోటు లేకుండా, కారొక్కటే వేసుకుని ఫాదర్ హెన్నెపిన్ స్టేట్ పార్కు ర్యాంపు చూసొచ్చాను. కొత్త చోటైతే ముందురోజు ఇలా ఒట్టి చేతుల్తో వెళ్లి చూడటం ఎంత మేలో చెప్పలేను. వాలు ఎంతుంది (నూరడుగులకి పన్నెండు నుంచి పదిహేనడుగులు దిగితే మంచి వాలు), కాంక్రీటులో గాడులున్నాయా, అంచున నాచు పట్టి జారుతోందా, గాలి ఎటునుంచి కొడుతోంది. ప్యాంటు మడిచి నీళ్లలోకి దిగి కాలితో తడుముతూ కాంక్రీటు ఎక్కడ అయిపోతుందో చూశా. అక్కడ గేలం వేసుకుంటున్న పెద్దాయన ఒకాయన నన్ను చూసి, చివర్లో గొయ్యి ఉంటుంది జాగ్రత్త అన్నారు. చాలామంది బోటుని ట్రెయిలర్ మీదికి ఎక్కించడానికి మోటారు గట్టిగా రేజ్ చేస్తారు, ఆ ప్రొపెల్లర్ నీటి ధాటికి కాంక్రీటు చివర మట్టి కొట్టుకుపోయి గొయ్యి పడుతుంది, ఆ మట్టంతా కాస్త అవతల దిబ్బలా పేరుకుంటుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు.

నాలుగో రోజు

పొద్దున లేచేసరికి వాయవ్యం నుంచి గాలి. మిలాక్స్ పెద్దది, ఒక లక్షా ముప్ఫై వేల ఎకరాల పైనే, అయినా లోతు మాత్రం ఎక్కడా నలభై రెండడుగులు మించదు. ఇలాంటి లోతు తక్కువ నీళ్ల మీద గాలి వీస్తే అలలు పొడవుగా రావు, పొట్టిగా, నిట్టనిలువుగా, ఒకదాని వెనకొకటి వచ్చి కొడతాయి. మేమున్నది సరిగ్గా గాలికి ఎదురు ఒడ్డు. డాక్ మీద నిలబడి చూస్తే అలలు ర్యాంపు మీదికి ఎక్కి విరుగుతున్నాయి. అక్కడ బోటు దించితే ట్రెయిలర్ మీదే పక్కకి కొట్టేస్తుంది. మేనకోడలు అప్పటికే జాకెట్ వేసుకుని రెడీగా ఉంది, అయినా కాదన్నాను. ఒక సరస్సుకి రెండు మూడు ర్యాంపులు ముందే చూసిపెట్టుకోవడం ఇందుకే. అరవై కిలోమీటర్లు చుట్టు తిరిగి పడమటి ఒడ్డుకి, గారిసన్ వైపు వెళ్లాం. అదే సరస్సు, అదే గాలి, కానీ గాలి ఒడ్డు మీదుగా వస్తోంది కాబట్టి అక్కడ నీళ్లు పళ్లెంలో పోసినట్టున్నాయి. ఒడ్డు వదిలి దూరం పోకుండా మూడు గంటలు తిరిగాం.

దెబ్బ తగిలింది తిరిగొచ్చాక. ఈసారి కారు బావ నడుపుతున్నాడు, నేను బోటులో ఉన్నా. ఇంకాస్త, ఇంకాస్త అని చెయ్యి ఊపింది నేనే. దబ్మని చప్పుడు, ట్రెయిలర్ వెనక్కి కూలబడింది. చక్రాలు కాంక్రీటు చివర దాటి గొయ్యిలో పడ్డాయి. నిన్న పెద్దాయన చెప్పింది ఆ ర్యాంపు గురించి, ఈ ర్యాంపు మాత్రం నేను తడిమి చూడలేదు. బావ యాక్సిలరేటర్ తొక్కబోతే "ఆపు బావా, లాగకు" అని అరిచాను, ఎందుకంటే అలా లాగితే ఇరుసు కాంక్రీటు అంచుకి తన్నుకుని వంగిపోతుంది. అదృష్టం కొద్దీ బోటు ఇంకా ఎక్కించలేదు. అటూ ఇటూ ఉన్నవాళ్లు ఇద్దరు అడక్కుండానే నీళ్లలోకి దిగొచ్చారు. ముగ్గురం ఖాళీ ట్రెయిలర్ చట్రం కింద చేతులు పెట్టి ఒకేసారి ఎత్తుతుంటే బావ జానెడు జానెడు ముందుకు తీశాడు. చక్రాలు అంచెక్కాయి. అప్పుడు వించ్‌తో, చేత్తో తిప్పుకుంటూ, మోటారు ఆపేసి ఎక్కించాం. ఆ ఇద్దరి పేర్లు కూడా అడగలేదు, వాళ్లు చేతులు దులుపుకుని వాళ్ల బోటు దగ్గరికి వెళ్లిపోయారు.

పైకి లాగి పక్కన ఆపాక డీఎన్‌ఆర్ ఇన్‌స్పెక్టర్ అమ్మాయి వచ్చింది, కాలేజీ పిల్లలా ఉంది. ట్రెయిలర్ కింద పడుకుని మరీ చూసి ఒక నాచుపోగు లాగింది. అరచేతిలో పెట్టి మేనకోడలికి చూపించింది. పోగు మధ్యలో కందిగింజ కన్నా చిన్నది ఒకటి అంటుకుని ఉంది, గోధుమరంగు మీద లేత చారలు, ఒక పక్క చదునుగా. వేలితో నెట్టినా రాలేదు, సన్నని దారాలతో పట్టుకుని ఉంది. నేనైతే చూసేవాణ్నే కాదు. పైకి కనిపించకపోయినా బోటు అడుగున చెయ్యి రాసి చూడమని చెప్పింది, పిల్లవి అతుక్కుని ఉంటే గరుకు కాగితంలా తగులుతుందట. అక్కడే వేణ్నీళ్ల యూనిట్ ఉంది, డబ్బులేమీ తీసుకోరు. నూట నలభై డిగ్రీల ఫారన్‌హీట్ నీళ్లు ఒక్కో చోట కనీసం పది సెకన్లు తగలాలి, నూట ఇరవై డిగ్రీలైతే రెండు నిమిషాలు. మోటారు లోపల, ట్రెయిలర్ గొట్టాల్లో, లంగరు తాడు మీద, అన్నిటి మీదా కొట్టారు. ముప్పావుగంట ఆలస్యమైంది. అవనీ.

అయిదో రోజు

డులూత్ దాటి కాస్త ఈశాన్యంగా మెక్‌క్వేడ్ హార్బర్. సుపీరియర్ ఒడ్డున బండరాళ్లతో గోడలు కట్టి, మధ్యలో చిన్న బోట్ల కోసం నీళ్లని పట్టి ఉంచినట్టుంటుంది, లోపల ర్యాంపు. జూలైలో కూడా నీళ్లలో చెయ్యి పెడితే నిమిషంలో వేళ్లు తిమ్మిరెక్కాయి. నాలుగొందల మీటర్ల పైన లోతున్న సరస్సది, వేసవి అక్కడిదాకా చేరదు. వాతావరణ శాఖ తీరం దగ్గరి నీళ్లకి వేరేగా సూచన ఇస్తుంది, ఊరి వాతావరణం చూసి దిగకూడదు. అలలు తక్కువే అన్నారు గానీ పొగమంచు ఉండొచ్చన్నారు. దించి, గోడ దాటి ఓ అర కిలోమీటరు వెళ్లామో లేదో తెల్లటి తెర ఒకటి నీళ్ల మీదుగా జరుగుతూ వచ్చింది. పదహారడుగుల బోటుకి ఇది చోటు కాదు. వెనక్కి తిప్పేశాను, బావ కూడా అదే అన్నాడు. గోడ లోపల రెండు చుట్లు తిరిగి పైకి లాగేశాం. మొత్తం నలభై నిమిషాలు.

పార్కింగ్‌లో మేనకోడలు అడక్కుండానే బోటు కిందికి దూరి, ముక్కు దగ్గర్నించి మోటారు దాకా అరచెయ్యి రాసుకుంటూ వెళ్లింది. "నున్నగానే ఉంది మావయ్యా" అంది. అయినా ఇంటికొచ్చాక మూతలన్నీ తెరిచి, ముక్కు పైకెత్తి, ఎండలో అయిదు రోజులు అలాగే వదిలేశాను. ప్లగ్ మాత్రం దాని జేబులోనే వాళ్లింటికి వెళ్లిపోయింది, మళ్లీ వెళ్లేటప్పుడు తనే తెస్తుందట.